మార్ల్ లేక్‌లో చెల్లని గెలుపు

"ఈ టైర్లకేం రాశావ్?"

అడిగినవాడు మార్ల్ లేక్ స్పీడ్‌వేలో కార్లను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్. గెలిచిన కారును షెడ్డులోకి తోయించి, సిమెంటు మీద మోకాళ్లూని, కుడివైపు ముందు టైరు లోపలి అంచు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. తలెత్తి, పలకరింపు కూడా లేకుండా అడిగాడు.

ఉజ్వల చంకలో హెల్మెట్ ఇంకా వెచ్చగానే ఉంది. బయట నాన్న ఎవరికో ఫోన్‌లో "గెలిచింది, గెలిచింది" అంటున్నాడు. ఆ ప్రశ్నకు ఆమె సిద్ధపడి లేదు. నోటికి మొదట వచ్చిన జవాబే చెప్పింది.

"ఏమీ రాయలేదు."

అతను తల ఊపి, చిన్న కత్తితో రబ్బరు ముక్క కోసి, డబ్బాలో వేసి సీలు చేశాడు. మామూలు కార్ల రూపంలో కట్టిన స్టాక్ కార్ల పందేల్లో టైరుకు రసాయనాలు పట్టించి మెత్తబరచడం పాత దొంగతనం. మెత్తటి రబ్బరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, మలుపుల్లో కారు జారదు. అందుకే నియమం ఒక్క ముక్కలో ఉంటుంది: టైరుకు గాలి, నీళ్లు తప్ప మరేదీ తగలకూడదు. ఉజ్వలకు ఆ నియమం బాగా తెలుసు. మధ్యాహ్నం ఏం జరిగిందో కూడా తెలుసు.

ఉజ్వల కార్ల కంపెనీల ఊరైన నోవైలో పుట్టి పెరిగింది. తండ్రి పద్మనాభం కార్ల తలుపులకు, అద్దాలకు వేసే రబ్బరు సీళ్ల ఇంజనీరు. రబ్బరు మీదే డాక్టరేట్ చేశాడు. తల్లి విజయశ్రీ ఆసుపత్రి బిల్లింగ్‌లో పని చేస్తుంది. ఉజ్వల బడిలో చదివే రోజుల్లో ఎవరో అంకుల్ కొడుకు పుట్టినరోజు చిన్న కార్ట్‌లు నడిపించే చోట చేశారు. పిల్లలతో పాటు తండ్రులూ ఎక్కారు. ఆ తండ్రుల్లో సగం మంది కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు. ఉజ్వల అందరినీ దాటేసి ముందు దిగింది.

పద్మనాభం ఆ వారమే పాత కార్ట్ ఒకటి కొన్నాడు. కూతురిలో ప్రతిభ చూసి కొన్నాడని తర్వాత సభల్లో చెప్పారు గానీ, అది నిజం కాదు. కాలేజీ దరఖాస్తులో రాయడానికి పనికొస్తుందని కొన్నాడు. "వయొలిన్, స్పెల్లింగ్ బీ అందరి పిల్లలకీ ఉంటాయే. ఇది ఎవరికీ ఉండదు," అని భార్యను ఒప్పించాడు. ఊళ్లో మిగతా తండ్రులు చదరంగం మీద పెట్టినంత డబ్బే ఆయన దీని మీద పెట్టాడు. లెక్క ఎక్కడ తప్పిందంటే, దరఖాస్తు కోసం మొదలుపెట్టిన ఆట చివరికి కాలేజీనే మింగేసింది. రెండో ఏడాది మధ్యలో ఉజ్వల చదువు మానేసి, స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటర్ ఉద్యోగంలో చేరింది. పగలు బ్రేక్ ప్యాడ్లు అమ్మేది. వారాంతాల్లో సీట్లు పీకేసి ఇనుప చట్రం బిగించిన పాత సెడాన్‌లతో మట్టి కొట్టుకుపోయిన చిన్న ట్రాకుల మీద పందేలు ఆడేది.

"అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని గుడిలో ఎవరైనా అడిగితే విజయశ్రీ "ఆటోమోటివ్‌లో ఉంది" అనేది. నోవైలో ఆ మాటకు ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు.

పందేల్లో దిగిన మొదటి ఏడాది మణికట్టు విరిగింది. రెండో ఏడాది ముందున్న కారు గిర్రున తిరిగితే దాన్ని తప్పించబోయి గోడను గుద్దుకుంది. కొన్ని వారాలు గదిలో కర్టెన్లు వేసుకుని పడుకుంది. వెలుతురు చూస్తే వాంతి వచ్చేది. తగ్గాక మళ్లీ ఎక్కింది. ధైర్యం అని పేరు పెట్టడం తేలిక. ఆమెకు వేరే ఏదీ అంత బాగా రాదు, అసలు విషయం అదే.

రస్ డెక్కర్ ఆమెను చూసింది ఆ తర్వాతే. అరవై దాటిన మెకానిక్, అద్దె షెడ్డు నడిపేవాడు, మాట తక్కువ. ఒక పందెం చివర్లో ఆమె నాలుగో స్థానంలో వచ్చాక దగ్గరికొచ్చి, ఆమె ముఖం కాక కారు చక్రాలు చూస్తూ అన్నాడు.

"నువ్వు టైర్లను చంపడం లేదు, కిడ్. నీ వయసువాళ్లందరూ చంపేస్తారు."

ఎప్పుడూ ఎడమకే తిరిగే ట్రాకులో బరువంతా కుడి ముందు టైరు మీద పడుతుంది. ఆత్రపడ్డవాడి టైరు సగం పందేనికే కాలిపోతుంది. ఉజ్వల మలుపులోకి మెత్తగా దిగేది, వెనకబడ్డా ఓర్చుకునేది. చివరి చుట్లలో అందరి టైర్లూ అరిగిపోయినప్పుడు ఈమె టైర్లలో ఇంకా పట్టు ఉండేది. ఎవరూ నేర్పలేదు. రస్‌కు అది నచ్చింది. లేట్ మోడల్ అనే పెద్ద తరగతి కారు ఒకటి తన షెడ్డులోనే కట్టాడు. ఇంజన్ కట్టించడానికి ఆమె దగ్గర డబ్బు లేదు. రస్ తన పేరు మీద అప్పు రాయించుకున్నాడు. "సీజన్ చివర్లో ప్రైజ్ మనీ వస్తుంది, స్పాన్సర్ మిగతాది ఇస్తాడు, అప్పుడు కడదాం," అన్నాడు.

ఆ స్పాన్సర్ రాకేష్. కరీంనగర్ నుంచి వచ్చి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లను కంపెనీలకు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టి బాగుపడ్డవాడు. ఉగాది సభలో ఉజ్వలకు శాలువా కప్పించి, "మన ఆడబిడ్డ" అని మైకులో చాలాసేపు మాట్లాడాడు. ఆమె ఏ తరగతిలో ఆడుతుందో ఆయనకు తెలియదు, ఎవరూ అడగలేదు కూడా. సీజన్ డబ్బులో సగం ఇచ్చాడు. కారు బానెట్ మీద కంపెనీ పేరు పెద్దగా రాయించాడు. మిగతా సగం చివరి పందెం రోజున ఇస్తానన్నాడు.

ఆ చివరి పందెమే మార్ల్ లేక్‌ది. దానికి నార్త్ కరొలైనా నుంచి ఒక జట్టు యజమాని వచ్చాడు. పై స్థాయి సిరీస్‌లో ఆయనకు మూడు కార్లున్నాయి, ఒకటి ఖాళీ అవుతోంది. పొద్దున ఆయన రస్‌తో చెయ్యి కలిపి, ఉజ్వలను ఎగాదిగా చూసి, "ఇవాళ గెలువు. చలికాలంలో మా దగ్గరికి వచ్చి నడిపి చూపించు," అన్నాడు. ఇలాంటి పిలుపు కోసం మనుషులు ఇల్లు తాకట్టు పెడతారు. ఉజ్వల ఏళ్లుగా బ్రేక్ ప్యాడ్లు అమ్ముతున్నది దీని కోసమే.

మధ్యాహ్నం అధికారుల మీటింగుకు రస్ వెళ్లాడు. అప్పటికే కారుకు పందెం టైర్లు బిగించి ఉన్నాయి. సరిగ్గా అప్పుడు రాకేష్ మనుషులు వచ్చారు. కంపెనీ టీషర్టులు వేసుకున్న కుర్రాళ్లు రెండు వ్యాన్ల నిండా ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం వాళ్లు అక్కడికి ఎందుకొచ్చారో అడగనక్కర్లేదు. వీసా కాగితాల మీద సంతకం పెట్టేది రాకేషే. వాళ్ల చేతుల్లో కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ, ఒక పెద్ద సంచీ నిండా నిమ్మకాయలు.

"అక్కా, బండికి పూజ జెయ్యకుండనే దించుతున్నరా?" అన్నాడు రాకేష్ విజయశ్రీతో. "దాని మీద నా కంపెనీ పేరున్నది. దిష్టి నాక్కూడ తగుల్తది."

"నేనూ పొద్దున్నించీ అదే అంటున్నా తమ్ముడూ. వింటేనా," అంది విజయశ్రీ. ఆమెకు గోడ గుద్దుకున్న రోజు గుర్తుంది. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే కూతురు తన పేరు తను చెప్పుకోలేకపోయిన క్షణం గుర్తుంది. ఆమె దేవుడికి మొక్కడంలో వేళాకోళం ఏమీ లేదు.

బానెట్ మీద కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. అంతవరకు ఉజ్వల నవ్వుతూ నిలబడింది. నిమ్మకాయలు టైర్ల కింద సర్దుతుంటే మాత్రం ముందుకొచ్చింది.

"అంకుల్, టైర్స్‌కి వద్దు. రూల్ ఉంది."

"ఏం రూల్ బిడ్డా?"

"ఎయిర్, వాటర్ తప్ప ఏం టచ్ అవకూడదు."

"నిమ్మకాయల ఉండేది వాటరే గద!" అని రాకేష్ పెద్దగా నవ్వాడు. టీషర్టులు కూడా నవ్వాయి.

"నేను జోక్ చెయ్యట్లేదు అంకుల్. రస్ వస్తాడు, అతన్ని అడుగుదాం."

"తెల్లోణ్ని అడిగి పూజ జేసుడేంది? మా ఇంట్ల కొత్త కారొస్తే తొక్కించినం, ఏమైంది? మంచిగనే ఉన్నది."

"అమ్మలూ, ఒక్కసారి కొంచెం ముందుకి పోనిస్తే అయిపోతుంది. శాస్త్రానికి," అంది విజయశ్రీ.

ఉజ్వల తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, యూ టెల్ దెమ్. రబ్బర్ నీకు తెలుసు కదా."

పద్మనాభానికి తెలుసు. నిమ్మ తొక్కలోని నూనె రబ్బరులోకి దిగుతుందని, దాన్ని ఉబ్బిస్తుందని ఆయనకు తెలిసినంతగా ఆ మైదానంలో ఎవరికీ తెలియదు. ఆయన రాకేష్‌ను చూశాడు, భార్యను చూశాడు, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"అంత కొంచెంతో ఏమీ కాదులే తల్లీ," అన్నాడు మెల్లగా.

"చెక్కు జేబులనే ఉన్నది," అన్నాడు రాకేష్, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు. "రేస్ అయినంక ఇచ్చేస్త. ఫొటోలు మంచిగ రావాలె."

రస్ కట్టించిన ఇంజన్ ఆ చెక్కు మీద ఆధారపడి ఉంది. ఉజ్వల కిటికీలోంచి దూరి సీట్లో కూర్చుంది. క్లచ్ మీద నుంచి కాలు తీసింది. కాయలు చిట్లాయి, అందరూ చప్పట్లు కొట్టారు. వీడియో సరిగా రాలేదని రాకేష్ వెనక్కి రమ్మన్నాడు. మళ్లీ కొత్త కాయలు పోశారు. వెనక్కి వచ్చింది, ముందుకు వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఆ తర్వాత విజయశ్రీ నిమ్మచెక్కలకు కుంకుమ అద్ది నాలుగు టైర్లకూ తనే బొట్లు పెట్టింది. చివర్లో ఉజ్వల ఆ బొట్లను నీళ్లతో కడిగేసింది, విజయశ్రీ తొక్కలన్నీ ఏరి చెత్త సంచీలో మూట కట్టింది. మనవాళ్లు వచ్చి మురికి చేసి పోయారని ఎవరూ అనకూడదని ఆమె పట్టుదల.

రస్ తిరిగొచ్చేసరికి నేల అద్దంలా ఉంది. బానెట్ మీది ఎరుపును వేలితో తాకి చూశాడు.

"ఇదేంటి, రక్తమా?"

"గుడ్ లక్, రస్. మా అమ్మ పెట్టింది."

"ఉండనీ. మనకది కావాలి," అన్నాడు.

నిమ్మకాయల మాట ఆమె చెప్పలేదు. చెబితే టైర్లు మార్చాలి, వేరే టైర్లు వేస్తే నియమం ప్రకారం అందరి వెనకనుంచి మొదలుపెట్టాలి. ఇవాళ గెలవాలి.

గెలిచింది. ఎప్పటిలాగే ఓర్చుకుని, ముందున్నవాళ్ల టైర్లు పోయాక, చివరి చుట్లలో ఒక్కొక్కరినీ బయటి వైపు నుంచి దాటింది. అంత అందంగా ఆమె అంతకుముందు ఎన్నడూ నడపలేదు. ఇన్‌స్పెక్టర్‌కు అనుమానం కలిగించిందీ అదే. అందరి కార్లూ జారుతుంటే ఈ ఒక్క కారు ఎలా పట్టుకుని ఉంది? చిన్నప్పటినుంచి ఆమెకున్న ఒకే ఒక విద్య దొంగతనానికి సాక్ష్యమైంది.

ల్యాబ్ జవాబు శీతాకాలం మొదట్లో వచ్చింది. రబ్బరులో సిట్రస్ నూనె ఆనవాలు ఉంది. టైరు మెత్తబడిందా లేదా అన్నది ఆ పరీక్ష చెప్పదు, నియమం అడగదు. ఉంటే ఉన్నట్టే. గెలుపు రద్దు, ప్రైజ్ మనీ వెనక్కి. టైర్లకు బాధ్యుడు క్రూ చీఫ్, అంటే కారును సిద్ధం చేసే జట్టు పెద్ద, కాబట్టి రస్‌ను ఏ పందేనికీ రాకుండా ఏడాది పాటు బహిష్కరించారు. అప్పీలు చేసుకోవచ్చన్నారు. డ్రైవరు సంగతి అప్పీలులో తేలుస్తామన్నారు.

ఉజ్వల షెడ్డుకు వెళ్లేసరికి రస్ సింకు ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో మెకానిక్‌లు గ్రీజు కడుక్కునే నారింజ సబ్బు డబ్బా.

"ఇదే, కిడ్. ఇందులో ఉన్నదీ సిట్రస్ నూనే," అన్నాడు. "ఇన్నేళ్లుగా దీంతోనే చేతులు కడుక్కుంటున్నా. ఆ రోజు చేతులు సరిగా తుడుచుకోకుండా టైర్లు బిగించి ఉంటా. తప్పు నాది."

"అంత చిన్నదానికి..."

"అప్పీల్లో అదే చెబుతా. నేనొక్కణ్ణే, నీకేం తెలియదని చెబుతా. అప్పుడు నీ లైసెన్సు ఉంటుంది. ఆ కరొలైనా మనిషి ఇంకా తలుపు వెయ్యలేదు, నిన్న ఫోన్ చేశాడు. నీ పేరు శుభ్రంగా బయటికొస్తే రమ్మన్నాడు."

డబ్బాను చెత్తలో పడేసి, మళ్లీ తీసి, మూత బిగించి అప్పీలులో చూపించడానికి సంచీలో పెట్టుకున్నాడు. ఉజ్వల ఆ సంచీ వైపు చూస్తూ నిలబడింది. ఒక్క మాట చెబితే ఆయన మనసులోంచి సబ్బు పోతుంది. ఆ మాటతోనే తన సీటూ పోతుంది. ఇంటికి వెళ్లిపోయింది.

ఇంట్లో రాకేష్ ఫోన్ స్పీకర్లో ఉన్నాడు.

"ఆయన ఒప్పుకుంటుంటే నీకేంది బిడ్డా? ముసలోడు, ఎట్లాగూ రిటైర్ అయితడు. నువ్వు పోయి పూజ అది ఇది అని చెప్పినవనుకో, రేపు మన కల్చర్ మీద జోకులేస్తరు. వీడియో నేను ఎప్పుడో డిలీట్ చేసిన."

"ఆ రోజే నాకు పంపారు కదా. నా ఫోన్లో ఉంది అంకుల్."

రాకేష్ "మీ అమ్మ గురించి ఆలోచించు," అని పెట్టేశాడు.

విజయశ్రీ ఏడుస్తోంది. "నేను పెట్టిన బొట్టేనా? చెప్పు, నేను పెట్టిందేనా?" అని మళ్లీ మళ్లీ అడుగుతోంది. పద్మనాభం కూతురి పక్కన కూర్చున్నాడు. "నేను వద్దనాల్సింది. నాకు తెలుసు," అన్నాడు. ఆమె "అవును, తెలుసు" అంది. ఆ తర్వాత తండ్రీకూతుళ్లు ఆ సంగతి మళ్లీ మాట్లాడుకోలేదు.

అప్పీలు ఒక హోటలు మీటింగు గదిలో జరిగింది. ముగ్గురు పెద్దమనుషులు, కాఫీ ఫ్లాస్కు, గోడకు స్క్రీను. రస్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. సబ్బు డబ్బాను బల్ల మీద పెట్టి, తాను ఎంత అజాగ్రత్త మనిషో వివరంగా చెప్పుకున్నాడు. చెయ్యని తప్పును అంత నమ్మకంగా ఒప్పుకుంటుంటే వినడం కష్టం. ముగ్గురిలో ఒకాయన ఉజ్వల వైపు తిరిగి, "నీకు దీని గురించి ఏమీ తెలియదు, అంతేనా?" అన్నాడు.

ఆయన గొంతులో దయ ఉంది. ఔనంటే చాలు. రస్ ఆమె వైపు చూసి తల ఊపాడు, చెప్పెయ్ అన్నట్టు.

"సబ్బు కాదు," అంది. ఫోను తీసి స్క్రీనుకు కలిపింది.

వీడియో ఆడింది. కొబ్బరికాయ, చప్పట్లు, చిట్లే నిమ్మకాయలు. కారు ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. స్టీరింగ్ వెనక నవ్వుతున్న ఉజ్వల. రస్ చివరిదాకా చూశాడు. ముఖంలో కోపం కనిపించలేదు. ఎవరో పరాయిభాషలో మాట్లాడుతుంటే వింటున్నవాడిలా కూర్చున్నాడు.

నిజం చెబితే గుండె బరువు దిగుతుందని చెప్పేవాళ్లు అలాంటి గదిలో ఒక్కసారి కూర్చోవాలి. పెద్దమనుషులు కాసేపు బయటికి వెళ్లి వచ్చి తీర్పు చదివారు. టైర్లకు క్రూ చీఫే బాధ్యుడన్న నియమంలో తెలియకపోవడం అన్న మినహాయింపు లేదు. రస్ బహిష్కరణ యథాతథం. డ్రైవరు తెలిసి చేసింది, ఇన్‌స్పెక్టర్‌కు అబద్ధం చెప్పింది. ఆమెకూ ఏడాది. నిజం వల్ల రస్‌కు దక్కిందల్లా, తన చేతులు శుభ్రంగానే ఉన్నాయని తెలియడం.

పార్కింగ్ లాట్‌లో మంచు పడుతోంది. రస్ తన ట్రక్కు తలుపు తెరిచి పట్టుకుని ఆగాడు.

"మీ పూజ సంగతి నాకేం తెలియదు," అన్నాడు. "కానీ నన్నొక్క మాట అడిగి ఉంటే పాత టైర్లు వేసి ఇచ్చేవాణ్ణి. ఎన్ని కాయలైనా తొక్కించుకునేవాళ్లు. తర్వాత పందెం టైర్లే తిరిగి బిగించేవాణ్ణి. పది నిమిషాల పని."

ఆయన ట్రక్కెక్కి తలుపు వేసుకున్నాడు. జవాబు కోసం ఆగలేదు.

కరొలైనా మనిషి మళ్లీ ఫోన్ చెయ్యలేదు. రాకేష్ చెక్కు ఇవ్వలేదు. కంపెనీ పేరు దెబ్బతిందని, ఒప్పందంలో అలా ఉందని ఈమెయిల్ పంపించాడు. మరుసటి ఉగాదికి శాలువా ఒక నాట్యం పిల్లకు కప్పారు. రస్ ఏడాది పాటు పని లేకుండా షెడ్డు అద్దె కట్టలేక, పనిముట్లు ఒక్కొక్కటే అమ్మి, లివోనియాలో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్టులు రిపేరు చేసే ఉద్యోగంలో చేరాడు. కారును ఓహాయో కుర్రాడొకడు కొనుక్కున్నాడు. ఆ డబ్బు షెడ్డు బాకీలకే సరిపోయింది.

శిక్ష ముగిశాక ఉజ్వల అద్దె కారుతో మార్ల్ లేక్‌లో ఒకసారి దిగింది. మైకులో అనౌన్సరు నిమ్మరసం మీద ఏదో జోకు వేస్తే స్టాండ్స్ అంతా నవ్వింది. తొమ్మిదో స్థానంలో వచ్చింది. అద్దె కారు వాళ్ల మెకానిక్ టైర్లు చూసి, ఎంత అరగకుండా తెచ్చావు అని ఆశ్చర్యపోయాడు. ఆమె థాంక్స్ చెప్పి, హెల్మెట్ సంచీలో పెట్టుకుని, సోమవారం కౌంటర్‌కు వెళ్లిపోయింది. తర్వాత ఇంతవరకు మళ్లీ ఎక్కలేదు. ఎక్కనని కూడా ఎవరికీ చెప్పలేదు.

ప్రతి నెలా జీతం రాగానే కొంత రస్ ఖాతాకు పంపుతుంది. ఆయన వద్దనడు, అందిందని చెప్పడు. ఇంజన్ కట్టినవాడికి రస్ డెక్కర్ పేరు మీద ఇంకా పదకొండు వేల ఆరు వందల డాలర్లు బాకీ ఉంది.